రొమ్ము ఆపరేషన్‌కు ‘బ్లాక్’ మత్తు: విశాఖలో మేం పొందిన సేవపై ఒక సమీక్ష

మా అక్కకు ఎడమ రొమ్ము తొలగించే ఆపరేషన్‌కు ముందు విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చిన అంచనా చీటీలో, థియేటరు అద్దెకూ మత్తు డాక్టరు ఫీజుకూ మధ్య, ‘పెక్స్ బ్లాక్, అల్ట్రాసౌండ్ సాయంతో’ అని ఒక పద్దు ఉంది. పూర్తి మత్తుతో పాటుగా, కోత పడే వైపు ఛాతీ కండరాల పొరల మధ్యకు స్పర్శను మొద్దుబార్చే మందు ఎక్కించి, ఆపరేషన్ తరువాత వచ్చే నొప్పిని కొన్ని గంటలపాటు అడ్డుకునే పద్ధతి అది. ఈ సమీక్ష ఆ ఒక్క పద్దు గురించే. సర్జన్ పనితనం, గదుల శుభ్రత, క్యాంటీన్ భోజనం వంటివాటి మీద అభిప్రాయాలు కావలసినన్ని దొరుకుతాయి కనుక వాటి జోలికి పోవడం లేదు. ఆసుపత్రి పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఈ సేవను అడగాలా వద్దా, అడిగితే దేనికోసం అడగాలి అన్న ప్రశ్న ఆరిలోవ వైపు చేరినా, మహారాణిపేటలో చేరినా ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ తరువాతి మొదటి రాత్రి కోసమైతే ఈ బ్లాక్ పెట్టిన డబ్బుకు తగినదే. జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందన్న ఆశతోనైతే దీనికి రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు. మాకు దీన్ని అంటగట్టినవారు రెండో కారణం చెప్పి అంటగట్టారు; చేసినవారు మొదటి కారణానికి న్యాయం చేశారు, అదీ తెల్లవారుజాము దాకా.

ప్యాకేజీలు వివరించే గదిలో కూర్చున్న అమ్మాయి మర్యాదస్తురాలు, ఓపికగా మాట్లాడింది. అయితే ఆ పద్దు దగ్గరకు వచ్చేసరికి, “ఈ బ్లాక్ చేయించుకుంటే జబ్బు మళ్ళీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుందండీ, విదేశాల్లో పరిశోధనలు కూడా అయ్యాయి” అని చెప్పి, అదే మాటను ఇంకాస్త గట్టిగా అచ్చువేసిన ఒక మడత కాగితం చేతికిచ్చింది. అంతవరకు ప్రతి పద్దునూ రెండుసార్లు చదివి, గది అద్దె దగ్గర గట్టిగానే బేరమాడిన మా బావగారు, ఆ మాట విన్నాక ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు. క్యాన్సర్ పేరు విన్న ఇంట్లో ‘మళ్ళీ రాదు’ అన్న మాట దగ్గర ఎవరూ బేరమాడరు. ఆ సంగతి ఆ కాగితం రాయించినవారికి తెలియదని నేను అనుకోను.

ఆ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టినదీ కాదు. 2006లో డబ్లిన్ వైద్యులు, అప్పటికే రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిపోయిన 129 మంది స్త్రీల పాత రికార్డులు తిరగేశారు. వారిలో 50 మందికి పూర్తి మత్తుతో పాటు వెన్నుపూస పక్కన ఇచ్చే పారావర్టిబ్రల్ బ్లాక్ అందింది, మిగిలిన 79 మందికి పూర్తి మత్తూ మార్ఫినూ మాత్రమే అందాయి. మూడేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు బ్లాక్ అందినవారిలో 94 శాతం కాగా, అందనివారిలో 77 శాతమే. దానికి నమ్మదగిన కారణం కూడా సిద్ధంగా ఉంది: ఆపరేషన్ వల్ల శరీరం మీద పడే ఒత్తిడి, పీల్చే మత్తు వాయువులు, మార్ఫిన్ జాతి మందులు ఈ మూడూ క్యాన్సర్ కణాలను వేటాడే రోగనిరోధక కణాలను కొంతసేపు మందగింపజేస్తాయనీ, సరిగ్గా కణితిని కదిలించిన ఆ సమయంలోనే తప్పించుకున్న కణాలు ఎక్కడో పాతుకుంటాయనీ, బ్లాక్ ఇస్తే ఆ మూడూ తగ్గుతాయి కనుక రక్షణ చెక్కుచెదరదనీ వారి ఊహ. ప్రయోగశాలలోనూ జంతువుల్లోనూ దీన్ని సమర్థించే ఫలితాలు కొన్ని వచ్చాయి. ఊహ అందమైనది. అయితే పాత రికార్డుల్లో ఎవరికి బ్లాక్ ఇవ్వాలో చీటీ తీసి నిర్ణయించలేదు. ఏ డాక్టరు ఎవరికి ఏది ఎంచుకున్నారో, ఆ ఎంపిక వెనుక ఏముందో కనిపించదు. ఆ పత్రం రాసినవారు కూడా దీన్ని యాదృచ్ఛిక పరీక్షలో తేల్చాలనే కోరారు.

ఆ పరీక్ష జరిగింది. డాక్టర్ డేనియల్ సెస్లర్ నాయకత్వాన 8 దేశాల్లోని 13 ఆసుపత్రుల్లో, 2007 నుంచి 2018 వరకు, 2,132 మంది స్త్రీలను చేర్చుకుని, సగం మందికి పారావర్టిబ్రల్ బ్లాక్‌తో పాటు నరంలోకి ఎక్కించే మత్తు మందు ప్రొపోఫాల్, తక్కిన సగానికి సెవోఫ్లూరేన్ వాయువుతో పాటు మార్ఫిన్ జాతి మందులు ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితం ప్రకారం, బ్లాక్ అందిన 1,043 మందిలో 102 మందికి, అందని 1,065 మందిలో 111 మందికి జబ్బు తిరగబెట్టింది. రెండు వైపులా 10 శాతమే. ముప్పు నిష్పత్తి, అంటే అందనివారి ముప్పును 1 అనుకుంటే అందినవారి ముప్పు, 0.97 అనీ, అది 0.74 నుంచి 1.28 మధ్య ఎక్కడైనా ఉండవచ్చుననీ లెక్క తేలింది. నేను డిగ్రీ కళాశాలలో చాలాకాలం గణాంకశాస్త్రం చెప్పినదాన్ని కనుక ఈ సంఖ్యల దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు: ఇవి బ్లాక్ వల్ల రవ్వంత కూడా తేడా లేదని నిరూపించవు గానీ, 2006 నాటి అంత పెద్ద తేడా నిజంగా ఉండి ఉంటే ఇన్ని వందల మందిలో అది దాగి ఉండటం సాధ్యం కాదని మాత్రం గట్టిగానే చెబుతాయి. మా చేతికిచ్చిన కాగితంలో 2006 నాటి శాతాలు ఉన్నాయి, 2019 నాటివి లేవు. పెక్స్ బ్లాక్ వేరు, పారావర్టిబ్రల్ వేరు అని ఎవరైనా వాదించవచ్చు. నిజమే, కానీ అలా వాదించేవారు ఆ కాగితంలో పారావర్టిబ్రల్ అంకెలనే ఎందుకు వాడుకున్నట్టు?

ఇక్కడ విశాఖవాసులు పొరబడే అవకాశమున్న మరొక సంగతి ఉంది. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ముంబయి టాటా మెమోరియల్ కుటుంబానికి చెందినది కాబట్టి, టాటావారు కనిపెట్టిన ‘క్యాన్సర్ తిరగబెట్టనివ్వని మత్తు ఇంజెక్షన్’ గురించి ఈ ఊళ్ళో చాలామంది విన్నారు. అది ఈ బ్లాక్ కాదు. డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం మన దేశంలోని 11 కేంద్రాల్లో సుమారు 1,600 మందిపై జరిపి 2023లో ప్రచురించిన ఆ పరీక్షలో, కణితిని కోయడానికి 7 నుంచి 10 నిమిషాల ముందు సర్జనే స్వయంగా కణితి చుట్టూ 0.5 శాతం లిడోకెయిన్ అనే మొద్దు మందు ఎక్కించారు. అయిదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా జీవించి ఉన్నవారు ఆ ఇంజెక్షన్ అందినవారిలో 86.6 శాతం, అందనివారిలో 82.6 శాతం, ప్రాణాలతో ఉన్నవారు వరుసగా 90.1 శాతం, 86.4 శాతం. ఉద్దేశం నొప్పి తగ్గించడం కాదు, కత్తి తగిలే ముందు కణితి అంచుల్లోని కణాల కదలికను అణచడం. పోల్చిన వైపు ఉత్తి నీటి ఇంజెక్షన్ అయినా ఇవ్వలేదని కొందరు నిపుణులు అభ్యంతరం చెప్పారు, మరెక్కడైనా ఇదే ఫలితం రావాలని అందరూ కోరుతున్నారు. ఖర్చు నామమాత్రం కనుక దాని గురించి సర్జన్‌ను అడగడంలో తప్పు లేదు. అయితే ఒకదాని ఫలితాన్ని చూపించి మరొకదాన్ని అమ్మితే మాత్రం ఒప్పుకోకూడదు.

కాగితాన్ని పక్కన పెట్టి మనిషి దగ్గరకు వస్తే, ఈ సేవలో అన్నిటికంటే మంచి భాగం మత్తు డాక్టరు గారే. ఆపరేషన్‌కు ముందు జరిగే మత్తు పరీక్షకు వెళ్ళినప్పుడు, ఆవిడ రక్తపోటు, షుగరు, గుండె పరీక్షల కాగితాలు చూసి, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, పళ్ళ డాక్టరు ఇచ్చే మొద్దు ఇంజెక్షన్ ఎప్పుడైనా పడలేదా అని అడిగారు. కాన్పు సమయంలో వేసిన నడుము ఇంజెక్షన్ వల్లే తనకు ఇన్నేళ్ళుగా నడుము నొప్పి అని నమ్మే మా అక్క, “ఇది కూడా వెన్నులోనే పొడుస్తారా డాక్టరమ్మా?” అని భయంగానే అడిగింది. “కాదమ్మా, ఇది ముందువైపు, భుజం ఎముక కింద. అదీ మీరు నిద్రలోకి వెళ్ళాకే చేస్తాను, మీకు తెలియను కూడా తెలియదు” అని ఆవిడ తన ఛాతీ మీదే వేలితో చూపించారు. నేను మడత కాగితం తీసి, జబ్బు తిరగబెట్టదన్న మాట నిజమేనా అని అడిగితే, కాసేపు దాన్ని చదివి, “ఈ కాగితం నేను రాయలేదండీ. నొప్పి తగ్గుతుందని చెప్పగలను, అదీ పూర్తిగా పోతుందని చెప్పను. జబ్బు సంగతి మీ ఆంకాలజిస్టు గారి మందులది, నా సూదిది కాదు” అన్నారు. ఆ ఒక్క జవాబు విన్నాక, బ్లాక్ చేయించుకోవడానికి నాకు అభ్యంతరం లేకుండా పోయింది.

పద్ధతి విషయానికి వస్తే, స్పెయిన్ దేశపు వైద్యుడు రఫాయెల్ బ్లాంకో 2011లో దీన్ని వివరించాడు. మరుసటి ఏడాదే చంక వైపు కూడా పనిచేసేలా దాని రెండో రూపం వచ్చింది, మా అక్కకు చేసినదీ అదే. ఛాతీ పెద్ద కండరానికీ చిన్న కండరానికీ మధ్య ఒక పొరలో సుమారు 10 మిల్లీలీటర్లు, చిన్న కండరానికీ పక్కటెముకలను కప్పే సెరాటస్ కండరానికీ మధ్య మరో పొరలో సుమారు 20 మిల్లీలీటర్లు మందు ఎక్కిస్తారు. సూది మొన ఎక్కడుందో అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ చేస్తారు కాబట్టి ఊపిరితిత్తి పొరకు దూరంగా ఉండటం తేలిక. వెన్నుపూస పక్కన చేసే పారావర్టిబ్రల్ పద్ధతి వయసు ఇంతకంటే చాలా ఎక్కువ, 1905లోనే జర్మనీలో మొదలైంది. అది ఛాతీలో ఒక వైపునంతా బాగా మొద్దుబారుస్తుంది గానీ, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం, అరుదే అయినా, అందులో ఉంటుంది, చేసేవారికి అనుభవం కూడా ఎక్కువ కావాలి. ఉబ్బసం ఉన్న మా అక్కకు పెక్స్ ఎంచుకోవడానికి అదే కారణమని డాక్టరు గారు చెప్పారు. ఎంచుకున్న కారణం రోగి కాగితంలో రాసి ఉండటం నాకు నచ్చింది.

ఈ బ్లాక్ అందుకోలేని చోట్లు కూడా ఉన్నాయి. రొమ్ము లోపలి అంచుకు, అంటే ఛాతీ నడిమి ఎముకను ఆనుకుని ఉన్న భాగానికి నరాలు వేరే దారిన వస్తాయి కనుక, అక్కడి నొప్పి దీనితో పోదు. సర్జన్ల వైపు నుంచి మరో చిక్కు ఉంది: చంకలోని లింఫు గడ్డలు తీసేటప్పుడు భుజం రెక్కను పట్టి ఉంచే కండరపు నరం తెగకుండా చూసుకోవాలి, దాన్ని తాకితే కండరం కదలడమే గుర్తు. బ్లాక్ ఆ నరాన్ని కూడా మొద్దుబారిస్తే ఆ గుర్తు కనిపించదు. అందువల్ల కొందరు సర్జన్లు బ్లాక్‌ను ఆపరేషన్ చివర చేయమంటారు. మా విషయంలో సర్జన్ గారూ మత్తు డాక్టరు గారూ ఈ సంగతి ముందే మాట్లాడుకున్నారు. వేర్వేరు ఆసుపత్రుల నుంచి పిలిపించిన ఇద్దరు అప్పటికప్పుడు థియేటరులో కలుసుకునే చోట ఈ మాట జరుగుతుందా అన్నది అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఇక ఫలితం. కొన్నేళ్ళ కిందట గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు మా అక్క రాత్రంతా వాంతులు చేసుకుంటూనే ఉంది, కుట్లు ఎక్కడ తెగిపోతాయోనని మేమంతా భయపడ్డాం. ఆపరేషన్ తరువాత వాంతులు ఎవరికి ఎక్కువో చెప్పడానికి మత్తు వైద్యులు నాలుగు గుర్తులు చూస్తారు: ఆడవారై ఉండటం, పొగ తాగకపోవడం, గతంలో ఇలా వాంతులు అయి ఉండటం లేదా ప్రయాణంలో కడుపు తిప్పడం, ఆపరేషన్ తరువాత మార్ఫిన్ జాతి మందులు పడటం. నాలుగూ ఉంటే అవకాశం 80 శాతం దాకా ఉంటుంది. అరకు ఘాట్ రోడ్డులో రెండో మలుపుకే కవరు అడిగే మా అక్కకు మొదటి మూడూ ఉన్నాయి. (మా అమ్మమ్మ కాలంలో ఈ తీరాన అడ్డపొగ, అంటే చుట్ట మండే కొనను నోట్లో పెట్టుకుని, తాగే ఆడవారు ఎందరో ఉండేవారు, ఆ లెక్కన వారికి ఒక గుర్తు తగ్గేదేమో గానీ, నోటి క్యాన్సర్ దగ్గర అంతకు పదింతలు చెల్లించారు.) మార్చడానికి మిగిలింది నాలుగోదే, బ్లాక్ చేసే పని కూడా అదే. మార్ఫిన్ జాతి మందు దాదాపు వాడకుండానే ఆపరేషన్ ముగించామని, వాంతులు రాకుండా డెక్సామెథసోన్ కూడా ఇచ్చామని చెప్పారు. సాయంత్రం మెలకువ రాగానే అక్క అడిగిన మొదటి మాట, ఆపరేషన్ ఇంకా మొదలుపెట్టలేదా అని. రాత్రికి ఇడ్లీ తిన్నది, వాంతి కాలేదు. ఎడమ ఛాతీ అంతా వేరొకరి శరీరంలా ఉందనీ, నడిమి ఎముక దగ్గర మాత్రం కాస్త సలుపుతోందనీ చెప్పింది; డాక్టరు గారు గీసి చూపించిన చోటే. మంచం దిగి తానే బాత్రూముకు నడిచి వెళ్ళింది. ఇంతవరకు ఈ సేవకు అయిదుకు అయిదు ఇస్తాను.

తెల్లవారుజామున బ్లాక్ దిగిపోయింది. అది దిగిపోవడం తప్పు కాదు. ఒక్కసారి ఎక్కించిన మందు సగం రోజో, కాస్త అటూ ఇటూగానో పనిచేస్తుంది. దిగిపోయే వేళకు దాని చోట నిలబడవలసిన మాత్రలు లేకపోవడమే తప్పు. కేస్ షీటులో పారాసెటమాల్ ‘రోగి అడిగితే’ అని రాసి ఉంది. నొప్పే లేని మనిషి రాత్రి పది గంటలకు మాత్ర ఎందుకు అడుగుతుంది? అడగలేదు, ఇవ్వలేదు. నొప్పి తెలిసేసరికి అది నెమ్మదిగా పెరిగే అవకాశం లేకుండా ఒక్కసారిగా మీద పడింది, చంకలో డ్రెయిన్ గొట్టం కదిలినప్పుడల్లా అక్క పళ్ళు బిగబట్టింది. డ్యూటీ నర్సు డాక్టరుకు ఫోన్ చేసి మార్ఫిన్ జాతికే చెందిన ట్రమడాల్ ఇంజెక్షన్ వేసింది, దాంతో నొప్పి తగ్గింది గానీ, రాత్రంతా తప్పించుకున్న వాంతులు ఉదయం మొదలయ్యాయి. వేల రూపాయలు పెట్టి మార్ఫిన్ జాతి మందును తప్పించి, పైసల్లో వచ్చే మాత్ర వేళకు ఇవ్వనందువల్ల దాన్నే పిలిచి కూర్చోబెట్టడం కంటే అసమర్థత ఏముంటుంది? రొమ్ము ఆపరేషన్ల నొప్పి నివారణపై 2020లో వెలువడిన ప్రాస్పెక్ట్ నిపుణుల సిఫారసులు పారాసెటమాల్‌ను, పడనివారికి తప్ప వాపు తగ్గించే నొప్పి మాత్రను, డెక్సామెథసోన్‌ను ప్రాథమికంగా అందరికీ ఇమ్మని చెప్పి, వాటికి తోడుగానే బ్లాక్‌ను చెబుతాయి. మా ఆసుపత్రిలో తోడు వచ్చింది గానీ, అసలుగా రావలసిన మాత్ర రాలేదు.

నొప్పిని అడిగే తీరు కూడా ఈ లోపంలో భాగమే. నర్సులు మంచివారు, వచ్చిన ప్రతిసారీ “నొప్పి ఉందా అమ్మా?” అని అడిగేవారు. మన ఆడవారు ఆ ప్రశ్నకు ఏమని జవాబు చెబుతారో చెప్పనక్కరలేదు. “ఫర్వాలేదమ్మా” అన్న మాట సున్నాగా చార్టులోకి ఎక్కింది. సున్నా నుంచి పది వరకు ఎంత అని అడగాలి; పడుకుని ఉన్నప్పుడు ఎంత, దగ్గినప్పుడు ఎంత, చేయి ఎత్తినప్పుడు ఎంత అని విడివిడిగా అడగాలి. చేయి ఎత్తడం ముఖ్యం, ఎందుకంటే ఫిజియోథెరపిస్టు మరునాడే వచ్చి గోడ మీద వేళ్ళతో పైకి పాకమంటారు, నొప్పికి జడిసి ఆ వ్యాయామం మానేసినవారికి భుజం బిగుసుకుపోతుంది. ఈ బ్లాక్ వల్ల చేకూరే మేలును మంచం మీద పడుకున్న మనిషిలో కొలిస్తే సగమే కనిపిస్తుంది.

దీర్ఘకాలపు నొప్పి గురించి కూడా ఆ మడత కాగితం గొప్పలు చెప్పింది కాబట్టి రాయవలసి వస్తోంది. రొమ్ము ఆపరేషన్ తరువాత నెలల తరబడి ఛాతీలో, చంకలో, చేతి లోపలి వైపున మంట, పొడుపు, మొద్దుబారడం మిగిలిపోవడం అరుదు కాదు. ఇందులో ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. చిన్న పరీక్షలను కలిపి చూసిన కోక్రేన్ సంస్థవారి 2018 సమీక్ష, ప్రాంతీయ మత్తు, అంటే ఇలాంటి బ్లాకుల వంటివి, అందిన సుమారు ఏడుగురిలో ఒకరికి ఇలాంటి నొప్పి తప్పవచ్చునని అంచనా కట్టింది. పైన చెప్పిన లాన్సెట్ పరీక్షలో మాత్రం ఆరు నెలలకు కోత దగ్గర నొప్పి రెండు వైపులా 52 శాతం మందికి ఉంది, ఏడాదికి 28 శాతం, 27 శాతం. చిన్న పరీక్షల మొత్తాన్ని నమ్మాలా, పెద్ద పరీక్ష ఒక్కదాన్ని నమ్మాలా అంటే నా మొగ్గు పెద్ద పరీక్ష వైపే. మా అక్కకు ఈనాటికీ చేతి లోపలి వైపు చీర అంచు తగిలితే చురుక్కుమంటుంది. చంకలోని గడ్డలు తీసేటప్పుడు అటుగా పోయే సన్నని నరం సాగడమో తెగడమో జరుగుతుంది; తెగిన నరాన్ని ముందుగా వేసిన ఏ మొద్దు మందూ కాపాడలేదు. ఇది బ్లాక్ వైఫల్యమని అనను. కాగితం వైఫల్యమని అంటాను.

సమ్మతి పత్రం విషయంలో మరింత కఠినంగా ఉండక తప్పదు. అది ఇంగ్లీషులో మాత్రమే ఉంది, మా బావగారికి చదవడం వచ్చు కనుక సరిపోయింది. ఉత్తరాంధ్రలో క్యాన్సర్ ఆపరేషన్ అంటే ఇచ్ఛాపురం నుంచైనా పాడేరు నుంచైనా చాలామంది విశాఖకే వస్తారు, వారిలో ఎందరు ఆ పత్రం చదివి సంతకం పెడతారు? అందులో ఉన్న ప్రమాదాలు తెలుగులో రెండు ముక్కల్లో చెప్పగలిగినవే. సూది రక్తనాళానికి తగిలి గడ్డకట్టవచ్చు. అరుదుగా ఊపిరితిత్తి పొరకు తగలవచ్చు. మందు మోతాదు మించినా, రక్తంలోకి నేరుగా పోయినా పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరుతో మొదలై మూర్ఛ, గుండె లయ తప్పడం వరకు వెళ్ళవచ్చు. మెలకువ ఉన్న రోగి ఈ తొలి గుర్తులను చెప్పగలదు, నిద్రలో ఉన్న రోగి చెప్పలేదు కాబట్టి, బరువును బట్టి మోతాదు లెక్క కట్టడం, విరుగుడుగా వాడే 20 శాతం కొవ్వు ద్రావణాన్ని థియేటరులో సిద్ధంగా ఉంచడం డాక్టరు బాధ్యత. అది ఉందా అని అడిగాను. మత్తు డాక్టరు గారు నొచ్చుకోకుండా, ఏ అలమరలో ఉంటుందో కూడా చెప్పారు.

డబ్బు విషయం. పద్దు వేలల్లోనే ఉంది, లక్షల్లో లేదు. అల్ట్రాసౌండ్ వాడకానికి విడిగా, మందుకు విడిగా, డాక్టరు గారి పనికి విడిగా చూపించారు. మాకు బీమా ఉన్నా, మొత్తం ప్యాకేజీలో కలిసిపోయిందంటూ ఆ పద్దులో కొంత కోత పెట్టారు. ముందే అడిగి రాయించుకుంటే ఈ తలనొప్పి తప్పుతుంది. అన్నీ కలిపి ఈ సేవకు అయిదులో మూడు ఇస్తున్నాను. మత్తు డాక్టరు గారి పనికి, మాటకు నేను కోసేది ఏమీ లేదు. కోసిన రెండూ కాగితానికి ఒకటి, రాత్రి మాత్రకు ఒకటి. తిరుగు పరీక్షకు వెళ్ళినప్పుడు, ఆ కాగితంలో క్యాన్సర్ తిరగబెట్టడం గురించిన వాక్యం తీసేయమనీ, బ్లాక్ చేసినవారందరికీ పారాసెటమాల్ ‘ఆరు గంటలకొకసారి’ అని రాయమనీ లిఖితపూర్వకంగా ఇచ్చాను. రెండో కోరికకు నర్సింగ్ సూపరింటెండెంటు గారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. మొదటిదాన్ని పైవారికి పంపిస్తామన్నారు.

చివరగా, ఈ బ్లాక్ అందరికీ అవసరమని కూడా నేను అనను. రొమ్ము మొత్తం తీసి, చంక గడ్డలు కూడా తీసేవారికి, మా అక్కలా వాంతుల చరిత్ర ఉన్నవారికి, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే డ్రెయిన్ సంచితో దూరపు ఊళ్ళకు బస్సులో వెళ్ళవలసినవారికి ఇది అడిగి మరీ చేయించుకోదగినది. చిన్న గడ్డ మాత్రమే తీసేవారి సంగతి వేరు. మా వార్డులో ఎదుటి మంచం మీద ఉన్న నర్సీపట్నం ఆవిడకు అలాంటి ఆపరేషనే జరిగింది, బ్లాక్ చేయలేదు, కుట్లు వేసే ముందు సర్జన్ గాయం అంచుల్లోనే మొద్దు మందు ఎక్కించారు, వేళకు మాత్రలు పడ్డాయి. పైన చెప్పిన సిఫారసులు కూడా చిన్న ఆపరేషన్లకు ఆ పాటి చాలునంటాయి. మా అక్క ట్రమడాల్ వాంతులతో అవస్థ పడుతున్న ఆ ఉదయాన ఆవిడ లేచి కూర్చుని ఉప్మా తింటూ, మాకు కూడా కాస్త పెట్టబోయింది.